బోరు నీళ్ళు తాగిన కారు

మా అత్తగారింట్లో అందరూ నన్ను భయస్తురాలని అంటారు. చాటుగా కాదు, నా ముందే అంటారు. ద్రాక్షపండును నిలువునా చీల్చకుండా పాప నోటికి ఇవ్వనని నవ్వుతారు. నీళ్ళ బకెట్ బోర్లించందే స్నానాలగది తలుపు మూయనని వచ్చిన చుట్టాలందరికీ చెబుతారు. పాపకు పాలిస్తూ కూర్చున్న రాత్రుళ్ళు నేను ఫోన్‌లో చూసినవి కూడా అలాంటివే. గొంతులో ఏదైనా అడ్డం పడితే ఏం చెయ్యాలి, తేలు కుడితే ఏం చెయ్యాలి, గ్యాసు వాసన వస్తే ఏం చెయ్యాలి, దారిలో కారు ఇంజన్ వేడెక్కితే ఏం చెయ్యాలి. అన్నీ నిజమే, నేను భయస్తురాలినే. పాప నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నది ఆ మాటను కాదనడానికి కాదు. ఆ భయాన్ని చూసి నవ్వినవాళ్ళకు నా వైపు సంగతి కూడా చెప్పాలని.

మాది రెంటచింతల. ఎండాకాలం వచ్చిందంటే టీవీవాళ్ళు మా ఊరి పేరు చెప్పకుండా వార్తలు ముగించరు. బయటివాళ్ళకు అదొక వింత. మాకు మాత్రం ఎండాకాలమంటే కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టుకోవడం, వీధి తలుపు గొళ్ళేన్ని చీర కొంగుతో పట్టుకుని తీయడం. మామయ్యది మిరప, పత్తి సేద్యం. మా ఆయనది సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం, డ్యూటీలో ఉంటే ఫోను ఎత్తడానికి వీల్లేదు. ఇంట్లో ఒక ట్రాక్టరు, ఒక సెకండ్ హ్యాండ్ కారు ఉన్నాయి. కారు కొన్నది మా ఆయన. వాడుకునేది అందరం. తాళం మాత్రం ఎప్పుడూ మామయ్య చొక్కా జేబులో ఉండేది.

ఆ జేబు సంగతి చెప్పాలి. పాపకు ఇంకా నడక రాకముందు ఒక మధ్యాహ్నం జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. కళ్ళు పైకి తేలేసి, చేతులు బిగుసుకుపోయి నా ఒళ్ళో కొట్టుకుంది. కారు పాకలోనే ఉంది. తాళం మామయ్య జేబులో ఉంది, మామయ్య మాచర్లలో పురుగుమందుల కొట్లో ఉన్నాడు. తాళం ఉన్నా నాకు నడపడం రాదు. అత్తయ్య వీధిలోకి పరిగెత్తి ఆటోను పిలుచుకొచ్చేసరికి ఫిట్స్ ఆగిపోయి పాప సోలిపోయింది. పిల్ల బతికి బట్టకట్టింది, డాక్టరు భయం లేదన్నాడు, అందరూ మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. మళ్ళీ ఎప్పుడూ నా బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఎవరో వచ్చి బండి తీస్తారని గుమ్మంలో నిలబడనని ఆ రోజే అనుకున్నాను. పుట్టింటికి వెళ్ళినప్పుడు నరసరావుపేటలో డ్రైవింగ్ స్కూల్లో చేరాను. లైసెన్సు తెచ్చుకున్నాను. తిరిగొచ్చాక తాళం అడిగాను.

"ఆడపిల్లకు కారెందుకు, నేను లేనా?" అన్నాడు మామయ్య.

"మీరు లేనప్పుడు కావాలి మామయ్యా" అన్నాను.

చానా రోజులు జరిగింది ఆ మాట. చివరికి మా ఆయన గట్టిగా చెబితే, చూద్దాంలే అని ఒప్పుకున్నాడు. ఆ చూద్దాంలే అన్న మాట కిందే నేను కొన్నాళ్ళు ఊరి చుట్టూ, చర్చి దాకా, పొలం దాకా నడుపుతూ వచ్చాను. ప్రతిసారీ తాళం అడిగి తీసుకోవడం, తిరిగొచ్చి ఆయన అరచేతిలో పెట్టడం. ఎక్కడైనా చిన్న గీత పడితే చాలు, మళ్ళీ ఇవ్వడని నాకు తెలుసు.

ఈ ఎండాకాలం పాపను నరసరావుపేటలో పిల్లల డాక్టరుకు చూపించాల్సిన రోజు వచ్చింది. ఫిట్స్ వచ్చిన పిల్ల కాబట్టి అప్పుడప్పుడూ చూపించమన్నాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. మామయ్యకు ఆ రోజు కరెంటోళ్ళతో పొలం దగ్గర పని. నేనే తీసుకెళ్తానన్నాను. ఊరు దాటి అంత దూరం నేను నడపడం అదే మొదలు.

"ఒక్కదానివే పసిదాంతో ఏం పోతావ్, నేనూ వస్తా" అంది అత్తయ్య. అది సాయమో కాపలానో నాకు అప్పుడు తెలియలేదు.

పొద్దున్నే బయల్దేరాలనుకున్నాం, ఎండెక్కాక బయల్దేరాం. కారు ఇంటి ముందు ఉండగా మామయ్య తన రోజువారీ పని మొదలుపెట్టాడు. బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత తిప్పి, బోరు కింద నింపుకొచ్చిన చెంబుతో నీళ్ళు పోశాడు. అంచు దాకా నిండాక మూత బిగించి, ఎద్దు మూపురం నిమిరినట్టు బానెట్ మీద చేత్తో ఒకసారి రాశాడు. ట్రాక్టరుకు ఆయన నాన్న కాలం నుంచీ చేస్తున్న పనట అది. కారు కొన్నప్పుడు దానికీ మొదలుపెట్టాడు. చలికాలంలో ఒకరోజు మానతాడేమో గానీ ఎండాకాలంలో మానడు. ఆయనకు అది బండి మీద ప్రేమ. నేను కాదనను.

"నిన్న పొద్దున నిండా పోశా, మళ్ళీ తాగింది చూడు. ఎండలకి దానికీ దాహమే" అన్నాడు.

"మూత బిగించిందాంట్లో నీళ్ళు రోజూ ఎందుకు తగ్గుతాయి మామయ్యా? ఒకసారి మెకానిక్‌కి చూపిద్దామా? నీళ్ళు కాదు, దానికి కూలెంట్ పొయ్యాలంట."

"ఆ రంగు నీళ్ళు అమ్ముకోడానికి కంపెనీవోళ్ళు చెప్పే మాటలమ్మా అయ్యి. మన బోరు నీళ్ళకేం తక్కువ? పాతాళంలోంచి చల్లగా వస్తయ్యి."

నేను ఇంకో మాట అనబోయి ఆగాను. తాళం అప్పటికింకా ఆయన చేతిలోనే ఉంది.

గురజాల రోడ్డు మీద రెండు వైపులా మిరప కోసేసిన చేలు, పక్కనే పేర్చిన నాపరాళ్ళు. వాటి మీద నుంచి గాలి పొయ్యి మూత తీసినట్టు కొడుతోంది. వెనక సీట్లో అత్తయ్య, పక్కన బెల్టుతో కట్టిన పిల్లల సీట్లో పాప. ఏసీ వేశాను. అత్తయ్య పాపకు దారిలో కనబడిన మేకలన్నింటినీ చూపిస్తోంది. నేను రోడ్డునూ అద్దాలనూ చూస్తూ, మధ్యమధ్య డాష్‌బోర్డు వైపు చూస్తున్నాను. అక్కడ ఒక చిన్న ముల్లు ఉంటుంది, ఇంజన్ వేడి చూపేది. ఎప్పుడూ సగం దగ్గరే ఉంటుంది కాబట్టి ఎవరూ దాన్ని చూడరు. మా ఇంట్లో కారు నడిపే ముగ్గురిలో దాన్ని చూసేది నేనొక్కదాన్నే. మా ఆయన దాని మీద కూడా ఒక జోకు వేస్తాడు.

ఆ రోజు ముల్లు సగం దాటింది. ఇంకొంచెం పోయాక ఇంకొంచెం ఎక్కింది. ఏసీలోంచి వచ్చే గాలిలో చల్లదనం తగ్గింది. నేను ఏసీ ఆపేశాను.

"ఏసీ ఎందుకు ఆపావే? పాపకి చెమట్లు పడతయ్యి."

"ఇంజన్ వేడెక్కుతోంది అత్తయ్యా. అద్దాలు దించండి."

అద్దాలు దించాం. వడగాలి లోపలికి దూకింది. ముల్లు ఎరుపు గీతకు దగ్గరగా పోతోంది. కనుచూపు మేరలో రోడ్డు పక్కన నీడ లేదు, దూరంగా ఒక్క వేపచెట్టు తప్ప. ఈ ఎండలో పాపను దించి నిలబెట్టే చోటు అదొక్కటే. కాళ్ళ వైపుకు గాలి తిప్పి, హీటర్ పూర్తిగా పెట్టాను.

కాసేపటికి వెనక నుంచి కేక.

"ఏమే! వేడిగాలి వత్తంది!"

"నేనే పెట్టా. హీటర్."

"హీటరా? రోహిణి కార్తెలో హీటరా? నీకేమన్నా మతి పోయిందా?"

"ఇంజన్లో వేడి ఎటో ఒకవైపు పోవాలి అత్తయ్యా. కొంచెం మన మీదికి లాగేసుకుంటే దానికి కొంచెం తగ్గుతుంది. ఆ చెట్టు దాకానే. పాప తల మీద తడి తువ్వాలు వెయ్యండి."

"ఊళ్ళో చెప్తే ఉమ్ముతారు నా మొహాన, కోడలు రెంటచింతల ఎండలో హీటరేసిందని" అంటూనే తువ్వాలు తడిపి పాప తల మీద వేసింది. నా పాదాలు పెనం మీద పెట్టినట్టు కాలాయి. ముల్లు ఎరుపు అంచున ఆగింది. ఆగిందంటే దిగలేదు, కానీ ఎక్కలేదు. యాక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా పెట్టకుండా మెల్లగా చెట్టు కిందికి చేర్చి ఇంజన్ ఆపేశాను. బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి మొదలైంది.

ముందు పాపను దించాను. చెట్టు మొదట్లో దుప్పటి పరిచి అత్తయ్యను కూర్చోబెట్టి, పాపకు నీళ్ళు పట్టాను. పాప ఆవిరిని చూసి "అన్నం, అన్నం" అంది. కుక్కరనుకుంది. అత్తయ్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు. లోపలి నుంచి బానెట్ లివరు లాగి, ఆవిరి సన్నబడ్డాక, తువ్వాలు చుట్టుకున్న చేత్తో బానెట్ ఎత్తి నిలబెట్టాను. అంతే. ఇక దేన్నీ ముట్టుకోలేదు. ఆ సమయంలో చెయ్యాల్సిన పని ఏమీ చెయ్యకుండా ఉండటమేనని నాకు తెలుసు. అంతకంటే కష్టమైన పని ఇంకోటి లేదని కూడా అప్పుడే తెలిసింది.

గురజాల వైపు నుంచి వస్తున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగాడు, బొద్దు మీసాల పెద్దాయన. మంచి మనిషే, లేకపోతే ఆ ఎండలో ఎవరు ఆగుతారు?

"డ్రైవర్ ఏడమ్మా?"

"నేనే."

ఆయన నన్ను చూశాడు, స్టీరింగు వైపు చూశాడు, చివరికి అత్తయ్య వైపు చూశాడు.

"అవునయ్యా, అదే తోలింది" అంది అత్తయ్య, పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నట్టు.

"నీళ్ళు అయిపోయినట్టున్నయ్. ఏం పర్లేదు. మూత తీసి రెండు బాటిళ్ళు చన్నీళ్ళు కొడితే దార్లోకొస్తది. తప్పుకోమ్మా." అప్పటికే లారీలోంచి నీళ్ళ బాటిల్ తెచ్చాడు. భుజం మీది తువ్వాలు మడత పెడుతున్నాడు.

నేను కారుకూ ఆయనకూ మధ్యకు వెళ్ళాను.

"వద్దండీ. చల్లారాక నేనే తీస్తాను."

"చల్లారేదాకానా? ఈ ఎండలోనా? ఇయ్యాల చల్లారదమ్మా అది, రేపు చల్లారుద్ది. జరుగు, జరుగు. మీసం మొలవకముందు నుంచీ బళ్ళు తోల్తన్నా."

నేను జరగలేదు.

"ఇదేందమ్మా! సాయం చేద్దామని వస్తే దొంగని ఆపినట్టు ఆపుతున్నావ్?"

"మీరు మంచికే వచ్చారు. కానీ ఆ మూత కింద నీళ్ళు మసులుతున్నాయి. తీస్తే మీ మొహం మీదికి లేస్తాయి. మీరు కాలకుండా తీసినా, కాలిన ఇంజన్ మీద చన్నీళ్ళు పడితే అది పగులుతుంది. కుక్కరు కూత వేస్తుండగా మీ ఇంట్లో ఎవరన్నా మూత తీస్తారా?"

"మా ఇంట్లో కుక్కరు సంగతి నాకేం తెలుసు?" అన్నాడు ఆయన, నిజంగానే తెలియనట్టు.

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆమెకు కంగారుగానే ఉంది. ఒక మగమనిషి బండి మీద పట్టు ఉన్నట్టు మాట్లాడుతుంటే కోడలు అడ్డం నిలబడటం ఆమెకు కొత్త. ఫోను తీసి మామయ్యకు చేసింది, స్పీకరు పెట్టింది. పొలంలో ఉన్నాడు కాబట్టి అరిచి మాట్లాడాలి.

"కారు పొగలు కక్కింది! చెట్టు కింద ఆపాం!"

"ఏం చేసిందంటా? ఏసీ బాగా పెట్టి తొక్కుంటది. పక్కన మగోళ్ళెవరన్నా ఉన్నారా?"

"ఒక లారీ ఆయన ఉన్నాడు. మూత తీస్తానంటే ఇది తీయనీటం లేదు."

"ఫోను దానికియ్యి." ఫోను నా చేతికి రాకముందే మాట వచ్చింది. "ఏమ్మా, ఆయన్ని తీయనియ్యి. నీళ్ళు పోయనియ్యి."

"తీయనివ్వను మామయ్యా. చల్లారనివ్వండి."

"ఏందీ?"

"తీయనివ్వను అన్నాను."

లారీ ఆయన బాటిల్ పట్టుకుని వింటూ నిలబడ్డాడు.

"అట్టయితే విను. తాళం మీ అత్త చేతికియ్యి. ఆటో ఎక్కి ఇంటికి రండి. మనిషిని పంపి బండి తెప్పించుకుంటా. ఇయ్యాల్టితో నీ డ్రైవింగు అయిపోయింది. మళ్ళా ఆ తాళం అడగమాక."

ఆ మాటతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒళ్ళో బిగుసుకుపోయిన పాప కళ్ళ ముందు మెదిలింది. ఆటో కోసం వీధి చివరి దాకా చూసిన చూపు గుర్తొచ్చింది. తాళం నా పిడికిట్లో ఉంది. అంత గట్టిగా పట్టుకున్నానని తర్వాత అరచేతిలో గుర్తు చూస్తే తెలిసింది. ఇప్పుడు తాళం ఇచ్చేస్తే మళ్ళీ ఆ గుమ్మంలోనే నిలబడతాను.

"మామయ్యా, మీ కుడిచేతి మీద మచ్చ ఎట్టా వచ్చింది?" అన్నాను.

మామయ్య మోచేతి కింద అరచెయ్యంత తెల్లమచ్చ ఉంది. ట్రాక్టరు రేడియేటర్ మూత తీస్తే ఎగజిమ్మిన నీళ్ళకు కాలిందది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చొక్కా మడిచి చూపిస్తాడు, సేద్యం అంటే మాటలు కాదని. నా పెళ్ళయిన కొత్తలో నాకూ చూపించాడు.

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వచ్చింది.

అత్తయ్య నన్ను చూసింది. తర్వాత లారీ ఆయన్ని చూసింది.

"నువ్వు పోవయ్యా" అంది. "పిల్ల నిద్దరపోతంది, కేకలెయ్యమాక. మా బండి సంగతి మేం చూసుకుంటాం."

"నేనెక్కడ కేకలేశానమ్మా, వేసింది మీ ఇంటాయన" అని గొణుక్కుంటూ ఆయన వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఆ నీళ్ళ బాటిల్ చెట్టు మొదట్లో పెట్టి వెళ్ళాడు. చెప్పాగా, మంచి మనిషే.

చాలాసేపు కూర్చున్నాం. మధ్యలో లేచి బానెట్ రేకు మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. చుర్రుమంటే మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. అత్తయ్య మెల్లగా ఆ మచ్చ సంగతి చెప్పింది. నాకు తెలియని సగం అది. ఆ రాత్రంతా మామయ్య చెయ్యి అరటాకు మీద పెట్టుకుని అరిచాడట, తెల్లారేదాకా విసనకర్రతో విసిరింది ఆమేనట. "ఇప్పుడు చొక్కా మడిచి చూపిత్తాడుగానీ, అప్పుడు పసిబిడ్డ మాదిరి ఏడ్చాడు" అంది. చెప్పి అటు తిరిగి పాపకు విసరడం మొదలుపెట్టింది.

రేకు మీద చెయ్యి నిలిచింది. రేడియేటర్ పైపును వేళ్ళతో నొక్కి చూశాను, మెత్తగా ఉంది. తువ్వాలు నాలుగు మడతలు వేసి మూత మీద కప్పి, మొహం పక్కకు తిప్పుకుని, కొంచెం తిప్పి ఆగాను. చిన్నగా బుస్సుమంది. అది ఆగాక పూర్తిగా తీశాను.

మూత తిరగేసి చూశాను. అడుగున తెల్లగా గట్టిగా పెచ్చు కట్టింది. రేడియేటర్ నోటి చుట్టూ అదే పెచ్చు, లోపల తుప్పు రంగు బురద. ఆ పెచ్చును నేనెక్కడ చూశానో ఒక్క క్షణం కూడా ఆలోచించక్కర్లేకపోయింది. పాప పాలసీసాలు మరగబెట్టే గిన్నె లోపల వారం తిరక్కుండా పేరుకునేది అదే. మొదట్లో బోరు నీళ్ళతో మరగబెట్టేదాన్ని. ఆ తెల్లపొర చూసి భయపడి మంచినీళ్ళ ప్లాంటు నీళ్ళకు మారాను. దానికీ నవ్వారు. నిజానికి ఆ బోరు నీళ్ళు మా ఇంట్లో ఎవరమూ తాగం. పప్పు ఉడకదు, పళ్ళకు గార పడుతుంది, కీళ్ళు పట్టేస్తాయి. అందరం ప్లాంటు నుంచి క్యాన్లు తెచ్చుకునే తాగుతాం. మేం నోట్లో పోసుకోని నీళ్ళను ప్రేమగా రోజూ ఒక చెంబు కారుకు పట్టించాం. రేడియేటర్‌లో సన్నటి గొట్టాలు ఉంటాయి, వాటిలో తిరిగితేనే నీళ్ళు చల్లబడతాయి. ఆ గొట్టాలన్నీ సున్నం కట్టి మూసుకుపోయాయి.

"అత్తయ్యా, ఇటు రండి."

వచ్చి చూసింది. వేలితో గీకింది. "ఇది మన గిన్నెలో సున్నమే కదే" అంది.

"అదే."

ఆ మూతను తన కొంగుతో తుడవబోతే నేను వద్దన్నాను. దాన్ని అలాగే ఉంచాలనుకున్నాను.

పాపకు సరిపడా నీళ్ళు పక్కన పెట్టి, మా ప్లాంటు నీళ్ళు, లారీ ఆయన వదిలిన నీళ్ళు మెల్లమెల్లగా పోశాను. కింద ఎక్కడైనా కారుతోందేమో వంగి చూశాను. కారడం లేదు. స్టార్ట్ చేసి, మళ్ళీ హీటర్ పెట్టి, ముల్లు మీద కన్ను వేసి గురజాల వైపు నడిపాను. ఇంటికి తిప్పలేదు. ఈసారి అత్తయ్య వెనక కూర్చోలేదు. పాపను వెనక పిల్లల సీట్లో కట్టేసి వచ్చి నా పక్కన కూర్చుంది, కాళ్ళ మీదికి వేడిగాలి కొడుతున్నా.

"ఆ ముల్లు ఏదో నాకూ చూపియ్యి" అంది.

చూపించాను. "లేచిందా? లేచిందా?" అని గురజాల వచ్చేదాకా అడుగుతూనే ఉంది. నాకు తోడు ఇంకో భయస్తురాలు దొరికింది.

గురజాలలో మెకానిక్ భాయ్ రేడియేటర్ విప్పి, కడగాలి, సాయంత్రం దాకా పడుతుందన్నాడు. "థర్మోస్టాట్ తీసి పారేస్తా మేడం, ఈ ఎండలకి ఎందుకది, ఇక్కడందరికీ తీసేస్తా" అన్నాడు. ఇంజన్‌కు నీళ్ళు ఎప్పుడు వదలాలో ఎప్పుడు ఆపాలో చూసుకునే చిన్న వాల్వు అది. "ఉండాల్సింది ఉండనివ్వండి భాయ్. పాడైతే కొత్తది వెయ్యండి. కూలెంటే పొయ్యండి. ఆ పాత మూత మాత్రం నాకిచ్చెయ్యండి" అన్నాను. ఆయన అత్తయ్య వైపు చూశాడు. "అది చెప్పినట్టు చెయ్యి నాయనా" అంది అత్తయ్య. ఆ రోజుకు ఆమె చేతనైనంత దూరం వచ్చేసింది.

మేం బస్సెక్కి నరసరావుపేట వెళ్ళాం. డాక్టరు పాపను చూశాడు. బాగుంది, బరువు పెరిగింది అన్నాడు. బస్సులోనే తిరిగొచ్చి కారు తీసుకుని ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. దారి పొడుగునా ముల్లు సగం దగ్గరే నిలిచి ఉంది.

మామయ్య వరండాలో కుర్చీలో ఉన్నాడు. పక్కింటి బాబాయి కూడా ఉన్నాడు. అప్పటికే కథ తయారైపోయింది: ఆడపిల్ల ఏసీ పెట్టి ఎడాపెడా తొక్కింది, ఇంజన్ కాలిపోయింది. నేను మెట్లెక్కుతుంటే మామయ్య చెయ్యి చాపాడు. తాళం కోసం.

నేను ఇవ్వలేదు. లోపలికి వెళ్ళి, పాలసీసాలు మరగబెట్టే పాత గిన్నె తెచ్చాను. దాన్నీ ఆ మూతనూ ఆయన ముందున్న స్టూలు మీద పక్కపక్కన పెట్టాను.

"కారు నేను పాడుచెయ్యలేదు మామయ్యా. లోపల గొట్టాలన్నీ ఇదే పట్టేసింది. మన బోరు నీళ్ళ సున్నం. మనం తాగని నీళ్ళు దానికి తాగించాం. నేను ముల్లు చూశాను కాబట్టి ఇంజన్ మిగిలింది. ఆ మూత తీయనివ్వలేదు కాబట్టి ఆ లారీ ఆయన చెయ్యి మిగిలింది."

"మా ట్రాక్టరు ఇన్నేళ్ళూ అయ్యే నీళ్ళు తాగింది. దానికేమైంది?" మామయ్య గొంతు పెరిగింది.

"ఏమైందా?" వెనక నుంచి అత్తయ్య అంది, పాపను చంకన వేసుకుని. "ఎన్నిసార్లు ఇంజన్ విప్పించావో చెప్పమంటావా పక్కింటాయన ముందర?"

బాబాయి ఆవలించి, ఇంటికి పోవాలన్నాడు.

మామయ్య మూతను చేతిలోకి తీసుకున్నాడు. గోరుతో ఆ పెచ్చును గీకాడు. గిన్నెలోనూ గీకాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నాదే తప్పనలేదు, నీదే ఒప్పనలేదు. రాత్రి అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. నేను సర్దిచెప్పడానికి వెళ్ళలేదు. ఇలాంటప్పుడు నేనే వెళ్ళి, పోనీలెండి మామయ్యా, నేనే తొందరపడ్డాను అని ఒక మాట అనడం మా ఇంట్లో అలవాటు. అనాల్సింది ఎప్పుడూ నేనే. ఆ రాత్రి అనలేదు. అంటే తాళం పోతుంది.

మర్నాడు పొద్దున కిటికీలోంచి చూస్తే ఆయన బోరు దగ్గర చెంబు నింపుతున్నాడు. కారు వైపు నడిచాడు. బయటికి పరిగెత్తబోయి గుమ్మంలో ఆగాను. కారు ముందు నిలబడి బానెట్ వైపు చూశాడు. చెయ్యి అలవాటుగా పైకి లేచింది. తర్వాత చెంబులో నీళ్ళు అద్దం మీద కొట్టి, భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు రోజూ తుడుస్తాడు. అద్దం మీద తెల్ల చారలు మిగులుతున్నాయి. అది నేను పట్టించుకోను.

నిన్న సాయంత్రం బాబాయి మళ్ళీ వచ్చాడు.

"కారోసారి ఇస్తావా? రేపు కారంపూడిలో పెళ్ళి చూపులు. మావోడు తోల్తాడు."

మామయ్య పేపరులోంచి తల ఎత్తలేదు. "తాళం నా దగ్గర లేదు. కోడల్ని అడుగు."

బాబాయి కాసేపు నవ్వుతూ నిలబడ్డాడు, జోకేమో అని. మామయ్య పేజీ తిప్పాడు. చివరికి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"ఏమ్మా, కారు…"

"మీ అబ్బాయి ముల్లు చూస్తాడా బాబాయ్?"

"ఏం ముల్లు?"

"అయితే ఇవ్వను. నేనే తీసుకెళ్తాను మిమ్మల్ని. ఎండెక్కకముందే బయల్దేరాలి, పాప కూడా వస్తుంది."

"నువ్వా?" అని ఆయన మామయ్య వైపు తిరిగి చూశాడు. మామయ్య పేపరు ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాడు.